ఉరికేటప్పుడు డొక్కలో పోటు వస్తే ఏం చేయాలి, రాకుండా ఏం చేయాలి

పోలీస్ ఉద్యోగాల పరుగు పరీక్ష కోసం చేసే పదహారు వందల మీటర్ల ప్రాక్టీసులో రెండో రౌండు తిరగంగనే కుడి డొక్క పట్టుకుని వంగిపోయే పిల్లలు హన్మకొండలో ఏ గ్రౌండుకు పోయినా కనిపిస్తారు. జేఎన్ఎస్ స్టేడియంలో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో, కాకతీయ యూనివర్సిటీ రోడ్ల మీద, అంతటా ఇదే కథ. "డొక్కల పొడుస్తందన్నా, ఇగ నాతోని గాదు" అంటారు. పక్కనున్న వాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. ఒకడు నీళ్లు తాగమంటాడు, ఇంకొకడు అది గ్యాస్ అంటాడు, మూడోవాడు నీకు స్టామినా లేదని తేల్చేస్తాడు. ముగ్గురిదీ తప్పే. నీళ్లు తాగమన్నవాడిదైతే డబుల్ తప్పు, ఎందుకో కింద చెప్తాను.

నా లెక్కలో ఈ పోటులో ఎక్కువ భాగం ట్రాక్ మీద పుట్టదు. ఉరకడానికి ముందు రెండు మూడు గంటల్లో కడుపులో ఏం పడింది, మొదటి రౌండు ఎంత ఆగమాగంగా ఉరికారు, ఈ రెండు చూసుకుంటే చాలామందికి సగానికి సగం తగ్గిపోతుంది. మిగతా సగానికి నడుము, వీపు పని ఉంది, అది నెమ్మది మీద అయ్యే పని.

అసలు ఇది ఏం నొప్పి

పక్కటెముకల కింద, బొడ్డుకు కొంచెం పక్కన, వేలు పెట్టి చూపించగలిగేంత ఒకే చోట వస్తుంది. కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. తక్కువగా ఉన్నప్పుడు గుంజినట్టు, పట్టేసినట్టు ఉంటుంది, పెరిగితే సూదితో పొడిచినట్టే. ఆగితే కొద్ది నిమిషాల్లో పోతుంది. కొందరికి ఆ చోట ఒకటి రెండు రోజులు ఒత్తితే నొప్పిగా ఉంటుంది, దానికి భయపడాల్సింది లేదు. ఇంకొక విచిత్రం, కొందరికి డొక్కతో పాటు అదే వైపు భుజం కొసన కూడా నొస్తుంది. డొక్కకు, భుజానికి ఏం సంబంధం అంటారా, అది నరాల సంగతి, వస్తున్నా.

దీని మీద బాగా పని చేసింది ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకులు డారెన్ మోర్టన్, రాబిన్ కాలిస్టర్. 2000 సంవత్సరంలో వాళ్లు ఆరు రకాల ఆటల వాళ్లను అడిగి చూస్తే, అంతకుముందు ఏడాదిలో ఈ నొప్పి వచ్చిందన్నవాళ్లు ఈతగాళ్లలో 75 శాతం, పరుగువాళ్లలో 69, గుర్రపు స్వారీ చేసేవాళ్లలో 62, సైకిల్ తొక్కేవాళ్లలో 32 శాతం. ఇక్కడ గుర్రం అంకె చూడండి. స్వారీ చేసేవాడికి ఊపిరి పెద్దగా ఎగపోయదు, కానీ ఒళ్లంతా అదురుతుంది. ఈతలో అదురు లేదు కానీ నడుము పైభాగం ఎడాపెడా తిరుగుతూనే ఉంటుంది. సైకిల్ మీద పైఒళ్లు కదలకుండా ఉంటుంది, అందుకే అక్కడ తక్కువ. అంటే ఊపిరి చాలకపోవడం కంటే పొట్టభాగం అదరడం, మెలితిరగడమే దీనికి దగ్గరి చుట్టం. ఎండాకాలంలో బాయిల గంటలకొద్దీ ఈత కొట్టే పిల్లలకు డొక్క పట్టేయడం మన ఊళ్లల్లో కొత్తేం కాదు కదా.

కారణం ఇదొక్కటే అని డాక్టర్లు కూడా ఇంకా ఒక మాట మీదికి రాలేదు. పాత మాట ఏమిటంటే, ఊపిరితిత్తులకు, పొట్టకు మధ్య ఉండే డయాఫ్రం అనే కండరానికి రక్తం చాలక పట్టేస్తుందని. గుర్రపు స్వారీ లెక్క దగ్గర ఆ మాట నిలబడదు. కాలేయం, జీర్ణాశయం కింద వేలాడుతూ డయాఫ్రాన్ని గుంజుతాయని ఇంకొక మాట. ఇప్పుడు మోర్టన్ లాంటి వాళ్లు ఎక్కువ మొగ్గేది మూడోదానికి. పొట్ట లోపలి గోడకు అంటుకుని పెరిటోనియం అనే పలచని పొర ఉంటుంది. కడుపు నిండుగా ఉండి ఒళ్లు అదురుతుంటే ఆ పొర రాసుకుని మండుతుందని వాళ్ల ఆలోచన. ఆ పొరలో డయాఫ్రం కిందుండే భాగానికి నరం మెడ దగ్గరి నుంచి వస్తుంది, భుజం కొస కూడా ఆ మెడ నరాల కిందికే వస్తుంది. డొక్కలో మంట మెదడుకు భుజంలో నొప్పిలా అందడం అందుకే.

లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనేది కూడా నిజం కాదు. బరువుకు, ఆడామగా తేడాకు దీంతో సంబంధం కనిపించలేదు. వయసుతో మాత్రం ఉంది, చిన్నవాళ్లకు ఎక్కువ. రోజూ ప్రాక్టీసు చేసేవాళ్లకు తక్కువసార్లు వస్తుంది, అయితే వచ్చినప్పుడు వాళ్లకూ అంతే గట్టిగా పొడుస్తుంది. కాబట్టి స్టామినా లేదన్న మూడోవాడి మాట పక్కన పెట్టండి.

ఉరుకుతుండగా పోటు వస్తే

మొదటి సంగతి, టక్కున ఆగి కూలబడకండి. పరుగును జాగింగుకు, జాగింగును నడకకు దించండి. చాలాసార్లు పూర్తిగా ఆగాల్సిన అవసరమే రాదు, వేగం తగ్గించి అర రౌండు పోతే సర్దుకుంటుంది.

తగ్గిస్తూనే ఊపిరి సంగతి చూడండి. పోటు వచ్చిన మనిషి భయంతో పైపైన చిన్న చిన్న ఊపిరి తీస్తాడు, అది ఇంకా బిగదీస్తుంది. ముక్కుతో లోతుగా తీసుకోండి, పొట్ట ముందుకు రావాలి, తర్వాత పెదాలు దగ్గరికి తెచ్చి, పొయ్యి ఊదినట్టు నెమ్మదిగా మొత్తం వదలండి. వదిలేటప్పుడు రెండు మూడు వేళ్లు కలిపి నొప్పి ఉన్నచోట లోపలికి, కొంచెం పైకి ఒత్తండి. తీసుకునేటప్పుడు ఒత్తిడి వదిలేయండి. ఇట్లా ఓ పది ఊపిర్లు. పరుగు వదలకుండానే ఇది చేయొచ్చు, చేతికి అలవాటు అయ్యేదాకా కొంచెం వింతగా ఉంటుంది అంతే.

దాంతో తగ్గకపోతే నడుము దగ్గర కొంచెం ముందుకు వంగి, పొట్ట కండరాలు బిగబట్టి పది అడుగులు నడవండి. ఇంకా ఉంటే ఆగండి. కుడివైపు నొస్తే కుడి చెయ్యి నెత్తి మీదుగా పైకి చాపి ఎడమవైపుకు వంగండి, అర నిమిషం అట్లాగే ఊపిరి వదులుతూ ఉండండి. ఎడమవైపు నొస్తే దీనికి తిప్పి. లోతు ఊపిరి, ఒత్తడం, చాపడం, ముందుకు వంగడం, ఈ నాలుగూ ఆటగాళ్లు తమకు పనిచేశాయని చెప్పినవే. అందరికీ అన్నీ పనిచేయవు. మీకు ఏది పట్టిందో గుర్తుపెట్టుకుని, పరీక్ష నాడు దాన్నే ముందు వాడండి, అక్కడ నాలుగూ వరుసగా చేసి చూసేంత టైం ఉండదు.

అడుగు లెక్క కూడా ఒకటి ఉంది. రెండడుగులకు తీసుకుని రెండడుగులకు వదిలేవాళ్లకు ఊపిరి వదిలేది ఎప్పుడూ ఒకే కాలు మీద పడుతుంది. కుడి డొక్క నొస్తుంటే ఎడమకాలు నేల మీద పడ్డప్పుడు వదిలేలా మార్చుకోమంటారు పాత రన్నర్లు. లేదంటే మూడడుగులకు తీసుకుని రెండడుగులకు వదలండి, అప్పుడు కాళ్లు వాటంతటవే మారుతుంటాయి. దీనికి గట్టి రుజువులేం లేవు. అయినా నేను చేయమనే చెప్తాను, ఎందుకంటే అడుగు లెక్కపెట్టుకునేవాడు ఎగపోయడు, వేగం కూడా దానంతటదే అదుపులోకి వస్తుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. పోటు వచ్చినప్పుడు గడగడా అర బాటిల్ తాగితే జీర్ణాశయం ఇంకా బరువెక్కుతుంది, ఆ బరువుతో మళ్లీ ఉరికితే పోటు ఇంకా గట్టిగా తిరిగొస్తుంది. నోరు ఎండితే ఒక గుక్క, అంతే. గ్యాస్ అని సోడా తాగడం, ఈనో వేసుకోవడం కూడా వద్దు. మన దగ్గర ఛాతీ నుంచి బొడ్డు దాకా ఏం నొచ్చినా గ్యాస్ అనడం ఒక అలవాటు, ఆ అలవాటు ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు కూడా ఉంటాయి, చివర్లో మళ్లీ చెప్తాను. ఇంకొకటి, ఉరకడానికి ముందే నొప్పి గోళీ మింగి వచ్చేవాళ్లను చూశాను. దీనికి గోళీ పనిచేయదు సరికదా, ఎండలో చెమటలు కారుతూ ఒంట్లో నీళ్లు తగ్గిన టైంలో ఐబుప్రోఫెన్ లాంటి గోళీలు కిడ్నీల మీద భారం వేస్తాయి.

తిండి, నీళ్లు (ఇక్కడే అసలు పని)

పెద్ద భోజనానికి, పరుగుకు మధ్య రెండు నుంచి మూడు గంటలు ఉండాలి. నూనె, కొవ్వు ఎక్కువున్న తిండి జీర్ణాశయం నుంచి ఆలస్యంగా కదులుతుంది కాబట్టి పూరీ, మిర్చి బజ్జీ, సర్వపిండి లాంటివైతే ఇంకా ఎక్కువ గ్యాప్ ఇవ్వండి. సాయంత్రం అయిదుకు ప్రాక్టీసు ఉంటే మధ్యాహ్నం రెండింటి లోపు అన్నం తినేయాలి. హాస్టల్లో మూడున్నరకు తిని అయిదింటికి గ్రౌండుకు వచ్చి "నాకే ఎందుకు వస్తది" అంటే ఏం చెప్పాలి. తిన్నాక నాలుగున్నరకు ఒక చాయ్, రెండు బిస్కెట్లు కూడా పడతాయి, వాటిని ఎవరూ లెక్కలో వేయరు.

పొద్దున ఉరికేవాళ్లకు ఇది సులువు. లేవగానే అర గ్లాసు నీళ్లు, మరీ నీరసంగా ఉంటే సగం అరటిపండు, అరగంట ఆగి వార్మప్. రాత్రి బగారా, మటన్ గట్టిగా లాగించిన మర్నాడు పొద్దున వేగం పరుగు పెట్టుకోకండి, ఆ రోజు మెల్లగా జాగింగు చాలు. పండుగ మర్నాడు గ్రౌండులో డొక్కలు పట్టుకునేవాళ్లు ఎక్కువ కనపడతారని నా అనుమానం, లెక్క మాత్రం తీయలేదు.

తిండి కంటే మోసం చేసేది తియ్యటి నీళ్లు. పంచదార చిక్కగా ఉన్న డ్రింకులు, ముఖ్యంగా పండ్ల రసాలు, మామూలు నీళ్ల కంటే ఎక్కువగా పోటు తెప్పిస్తాయని చేయించి చూసి మరీ తేల్చారు. ప్యాకెట్ జ్యూసుల్లో, కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల పైచిలుకు పంచదార ఉంటుంది. చెరుకు రసం అంతకంటే తియ్యన. ఇవి జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలుస్తాయి, లోపలికి ఇంకా నీళ్లను గుంజుతాయి. ఎనర్జీ వస్తుందని గ్రౌండు గేటు దగ్గర గ్లాసు చెరుకు రసం తాగి, పావుగంటలో ట్రాక్ ఎక్కడం అంటే పోటును డబ్బులిచ్చి కొనుక్కోవడమే. అది పరుగు అయిపోయాక తాగండి, ఎవరూ వద్దనరు.

గ్లూకోజ్ పౌడర్ కూడా అంతే, గ్లాసులో నాలుగు చెంచాలు కొట్టి పానకం చేయకండి. ఓఆర్ఎస్ వాడేవాళ్లు పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలపాలి, ప్యాకెట్ మీద రాసే ఉంటుంది. చాలామంది దాన్ని ఒక గ్లాసులో కొట్టి తాగుతారు, అప్పుడు అది మంచిది కాస్తా చిక్కటి ఉప్పు పాకం అవుతుంది.

మరి వరంగల్ ఎండల్లో నీళ్లు తాగకుండా ఎట్లా? తాగాలి, కానీ రోజంతా పరిచి తాగాలి. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా నీళ్లు, మజ్జిగ, అంబలి కొంచెం కొంచెం పడుతూ ఉంటే పొద్దున గ్రౌండుకు వచ్చేసరికి ఒంట్లో నీళ్లు ఉంటాయి. పరుగుకు ముందు చివరి అరగంటలో రెండు మూడు గుక్కలకు మించి వద్దు. ఏడు నిమిషాల పరుగు మధ్యలో నీళ్ల అవసరమే లేదు. భద్రకాళి చెరువు బండ్ మీద గంట, గంటన్నర ఉరికేవాళ్లయితే పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగండి, దాచిపెట్టి ఒక్కసారే తాగకండి.

మొదటి రౌండు

తెలంగాణ పోలీస్ ఉద్యోగాలకు 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. 400 మీటర్ల ట్రాక్ మీద అది మగవాళ్లకు రౌండుకు 1 నిమిషం 48 సెకన్ల పైచిలుకు, ఆడవాళ్లకు రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు. చూస్తే పెద్ద వేగం కాదు. కానీ గుంపులో విజిల్ కొట్టగానే అందరూ మొదటి 200 మీటర్లు వంద మీటర్ల పందెంలా ఉరుకుతారు, మొదటి రౌండు నిమిషం 20 సెకన్లలో కొడతారు, రెండో రౌండులో డొక్క పట్టుకుంటారు.

1 నిమిషం 45 సెకన్ల చొప్పున మూడు రౌండ్లు వేస్తే 5 నిమిషాల 15 సెకన్లు. చివరి రౌండుకు ఇంకా నిండా రెండు నిమిషాలు మిగులుతాయి. అంటే మధ్యలో పోటు వచ్చి కొంచెం దూరం మెల్లగా జాగింగు చేసినా గట్టెక్కొచ్చు. ఈ లెక్క తలలో ఉంటే టెన్షన్ సగం పోతుంది. ప్రాక్టీసులో ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి మొదటి రౌండు నిమిషం నలభై కంటే ముందు పూర్తికాకుండా ఆపుకోవడం నేర్చుకోండి. వేగం పెంచడం కంటే ఇదే కష్టం, పక్కవాడు దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవాలి.

వార్మప్ లేకుండా ట్రాక్ ఎక్కకండి. అయిదు నిమిషాల నడక, అయిదు నిమిషాల జాగింగు, నడుము అటూ ఇటూ తిప్పడం, చేతులు పైకెత్తి పక్కలకు వంగడం, రెండు మూడు చిన్న స్పీడ్ పరుగులు. చలికాలం పొద్దునయితే ఇంకో అయిదు నిమిషాలు కలపండి.

వీపు, పొట్ట

తిండి సరిగ్గా ఉంది, వేగం సరిగ్గా ఉంది, అయినా వస్తుంది అనేవాళ్లు ఉంటారు. వాళ్లు తమ వీపు చూసుకోవాలి. వీపు పైభాగం వంగి, గూనిలా ముందుకు పడి ఉండేవాళ్లకు ఈ పోటు ఎక్కువ, ఎక్కువ గట్టిగా వస్తుందని తేలింది. కొందరు రన్నర్లకు వీపు మధ్య ఎముకల దగ్గర ఒత్తితే అదే డొక్క నొప్పి మళ్లీ వచ్చిందట. పొద్దున గంట ఉరికి, తర్వాత రోజంతా రూములో మంచం మీద వంగి కరెంట్ అఫైర్స్ చదివి, రాత్రి అదే వంగుడుతో ఫోన్ చూసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గంటకోసారి లేచి గోడకు వీపు ఆనించి నిలబడండి, తల వెనుక భాగం, భుజాలు గోడకు తగలాలి. దుప్పటి చుట్ట చుట్టి వీపు పైభాగం కింద అడ్డంగా పెట్టుకుని, చేతులు చాపి రెండు నిమిషాలు పడుకోండి.

పొట్టలో అన్నిటికంటే లోపల నడుము చుట్టూ పట్టీలా ఒక కండరం ఉంటుంది. అది గట్టిగా ఉన్నవాళ్లకు ఈ నొప్పి తక్కువ అని చూశారు. దానికి సిట్ అప్‌లు కాదు, ప్లాంక్ చేయండి. మోచేతుల మీద, నడుము కిందికి జారకుండా, ఊపిరి బిగబట్టకుండా అర నిమిషం, మూడుసార్లు, వారానికి నాలుగు రోజులు. తేడా కనిపించడానికి వారాలు పడుతుంది, పరీక్షకు మూడు రోజుల ముందు మొదలుపెడితే ఒళ్లు నొప్పులు తప్ప ఏం రావు. వెడల్పాటి బెల్టు నడుముకు బిగించుకుని ఉరికితే కొందరికి తగ్గిందని కూడా ఉంది. పొలం పనికి పోయేవాళ్లు నడుముకు తువ్వాల బిగించి కడతారు కదా, దాదాపు అదే. గ్రౌండులో తువ్వాల కట్టుకుని ఉరికితే నవ్వుతారనుకుంటే టీషర్టు లోపల కట్టుకోండి, కానీ ఊపిరి ఆడాలి.

పరీక్ష నాడు

ఆ రోజు కొత్తది ఏదీ కడుపులో వేయకండి. పేపర్ల చెకింగ్, బయోమెట్రిక్, లైన్లు, మీ బ్యాచ్ పిలుపు ఎప్పుడొస్తుందో చేతిలో ఉండదు. పొద్దున నాలుగింటికి రెండు ఇడ్లీలు తిని బయలుదేరండి, జేబులో రెండు చిన్న అరటిపండ్లు పెట్టుకోండి. ఆలస్యమై ఆకలేస్తే ఒక్కో బుక్కెడు, నమిలి తినండి. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన పులిహోర పరుగు తర్వాత. లైనులో కూర్చుని కూర్చుని ఒళ్లు బిగుసుకుపోతుంది కాబట్టి మీ ముందు బ్యాచ్ ఉరుకుతున్నప్పుడు మీరు వార్మప్‌లో ఉండాలి.

ఇది మామూలు పోటు కాదని ఎప్పుడు అనుకోవాలి

ఆగి, కూర్చుని, పావుగంట, అరగంట అయినా తగ్గని నొప్పిని డొక్క పోటు ఖాతాలో వేయకండి. ఉరకకున్నా వచ్చే నొప్పిని అసలే వేయకండి. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి జారి అక్కడే నిలబడి, వాంతులు, జ్వరం తోడైతే అది ఊళ్లలో 24 గంటల నొప్పి అంటారే, ఆ అపెండిక్స్ కావొచ్చు. నూనె తిండి తిన్నాక కుడి పక్కటెముకల కింద గంటలకొద్దీ ఉంటే పిత్తాశయంలో రాళ్లు, వీపు పక్క నుంచి గజ్జల దాకా మెలిపెడుతూ మూత్రంలో మంటో, ఎరుపో కనిపిస్తే కిడ్నీలో రాళ్లు అనుమానించాలి. మలేరియా లాంటి జ్వరం నుంచి లేచి, ప్లీహం (స్ప్లీన్) వాచిందని డాక్టర్ చెప్పి ఉంటే, ఎడమ డొక్క నొప్పితో అసలు ఉరకకండి, ఆయన సరే అనేదాకా ఆగండి.

నలభై దాటి కొత్తగా వాకింగు, జాగింగు మొదలుపెట్టిన అన్నలు, అక్కలు, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఇది చదవండి. నడిచినప్పుడు ఛాతీలో గానీ, పొట్ట పైభాగంలో గానీ బరువుగా పట్టేసి, ఆగితే తగ్గి, మళ్లీ నడిస్తే వస్తుంటే అది గ్యాస్ కాదు, డొక్క పోటూ కాకపోవచ్చు, గుండె నొప్పి కూడా ఇట్లాగే వస్తుంది. ఆ వారమే ఈసీజీ తీయించుకుని డాక్టర్‌కు చూపించండి. చెమటలు పట్టి, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకి, ఆగినా తగ్గకపోతే బండి మీద ఇంటికి పోదామని చూడకుండా అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించండి.

డాక్టర్ దగ్గరికి పోతే మాత్రం "కడుపు నొప్పి" అని ఒక్క మాటతో ఊరుకోకండి. ఏ వైపు, వేలు పెట్టి ఎక్కడ, ఎంత ఉరికితే మొదలైంది, ఆగాక ఎంతసేపు ఉంది, ఆ ముందు ఏం తిన్నారు, ఈ అయిదూ చెప్పండి.